ట్రాలీ చక్రం చప్పుడు

పోయినేడాది సంక్రాంతికి రెండు రోజుల ముందు మల్కాజిగిరిలోని మా ఇంట్లో సకినాలు చేస్తున్నాం. నేను బట్ట మీద చుట్టడం, అత్తమ్మ కాల్చడం. ఆమె ఫోనెత్తడానికి లేస్తే గరిటె నేను అందుకున్నాను. కడాయి ఎట్లా ఒరిగిందో ఇప్పటికీ తెలియదు. మరిగే నూనె నా కుడి చేతి మీద, మోచేతి కింది నుంచి వేళ్ల దాకా పడింది. పక్కింటావిడ టూత్‌పేస్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా అమ్మాయి ఆమెను ఆపి, నా గాజులూ ఉంగరమూ తీసేసి, చేతిని 20 నిమిషాలు పంపు కిందే ఉంచింది. ఆ రోజు బుర్ర పనిచేసింది దానికొక్కదానికే.

ఆస్పత్రిలో సెకండ్ డిగ్రీ అన్నారు, అంటే పై చర్మం దాటి కింది పొర దాకా కాలిందని. వేళ్ల మీద లోతుగా కాలిందని తొడ నుంచి చర్మం తీసి అతికించారు. ఆపరేషన్‌కు మత్తిస్తారు కాబట్టి దాని గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సింది డ్రెస్సింగ్ గురించి.

రోజు విడిచి రోజు పదింటికి ట్రాలీ వచ్చేది. దాని చక్రం ఒకటి కీచుమనేది. ఆ చప్పుడు వరండా చివర వినబడగానే నా కాళ్లు చల్లబడేవి. సిస్టర్ సెలైన్‌తో తడుపుతూ గాజుగుడ్డ ఒక్కో పొరా తీసేది. చివరి పొర పుండుకు అంటుకుపోయి ఉండేది. అది ఊడేటప్పటి నొప్పి ఒక ఎత్తు, ఎక్కడిదాకా ఊడిందో చూస్తూ ఉండటం ఇంకో ఎత్తు. చూడొద్దంటారు. నా చెయ్యే కదా, చూడకుండా ఎట్లా ఉంటాను? నొప్పి మందు ముందే ఇచ్చేవాళ్లు. అయినా మూడోసారికి సిస్టర్ చేతిని తోసేశాను. ఆమె ఏమీ అనలేదు. నాకే సిగ్గేసింది.

ఆ మర్నాడు ఫిజియోథెరపీ అబ్బాయి పట్టీకి కొత్త కవరు తొడిగిన వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఒకటి తెచ్చాడు. కళ్లకు కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనబడే పెట్టె అది. "కాలిన గాయాలవాళ్ల కోసమే స్నో వరల్డ్ అని ఒకటుంది మేడమ్" అన్నాడు. నాకు తెలిసిన స్నో వరల్డ్ హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఉన్న మంచు పార్కొక్కటే. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్లిచ్చిన జాకెట్లలో వణికి వచ్చాం. అదేనా అని అడిగేశాను. అతనికి నవ్వాగలేదు. ఇది సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1990ల చివర్లో మొదలుపెట్టిన పనిలోంచి వచ్చిందట. అవతల డ్రెస్సింగ్ జరుగుతుంటే పేషెంటు మంచు లోయలో తేలిపోతూ పెంగ్విన్‌ల మీదికి మంచు ఉండలు విసురుతుంటాడు. నొప్పి తెలియాలన్నా మనసు దాని మీద ఉండాలి కదా. ఉన్న ధ్యాసంతా ఆటే లాగేసుకుంటే నొప్పికి మిగిలేది తక్కువ. ఎమ్మారై తీసి చూస్తే మెదడులో నొప్పికి సంబంధించిన చోట్ల చలనం తగ్గినట్టు కనబడిందని చెప్పాడు.

నాకు పెట్టింది ఆ ఆట కాదు, సముద్రంలో పడవ. మొదటిరోజు కడుపులో తిప్పి వాంతి వచ్చినంత పనైంది. కళ్లేమో కదులుతున్నానంటాయి, చెవిలోని బ్యాలెన్సేమో మంచం మీదే ఉన్నానంటుంది. తర్వాతిసారి పడవను ఆపేసి, ఎడమ చేత్తో చేపలు పట్టే ఆట పెట్టాడు.

నొప్పి పోయిందని చెబితే అబద్ధం. గుడ్డ ఊడటం తెలిసింది, కానీ పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు తెలిసింది. ట్రేలో కత్తెర చప్పుడు వినబడలేదు, పుండు కనబడలేదు. "అయిపోయింది మేడమ్" అంటే, ఇంకో రెండు చేపలున్నాయి ఆగమన్నాను. మందులు మాత్రం మానలేదు, అవీ నడిచాయి. ఒకరోజు హెడ్‌సెట్‌కు ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయారు. ఆ రోజు వార్డంతా నా కేకలు విన్నది.

పుండు మానాక అసలు పని మొదలైంది. మచ్చ బిగుసుకుని వేళ్లు ముడుచుకుపోకుండా రోజుకు 23 గంటలు ప్రెషర్ గ్లవ్ (మచ్చను నొక్కి ఉంచే బిగుతు తొడుగు), మధ్యలో వ్యాయామాలు. వీఆర్‌లో వేళ్లు మడిచి బెలూన్లు పగలగొట్టే ఆట ఉంది. ఇంట్లో అత్తమ్మ బియ్యప్పిండి ముద్ద చేతిలో పెట్టి "ఇది పిసుకు బిడ్డా" అనేది. రెండూ చేశాను. ఏది పనిచేసిందంటే చెప్పలేను. వెన్నునొప్పికి ఇట్లాంటి వీఆర్ కోర్సు ఒకదానికి 2021లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుందని చదివి, తన నడుము కోసం మనమూ ఒకటి కొందామని మా ఆయన మొదలుపెట్టాడు. ఆయన చూపు దాంట్లోని క్రికెట్ మీద ఉందని నా అనుమానం.

ఈ సంక్రాంతికి గ్లవ్ తీసి బట్ట ముందు కూర్చున్నాను. మొదటి చుట్టు వచ్చింది, రెండోదీ వచ్చింది. మూడోదానికి చూపుడువేలు పట్టేసింది. మిగతా పిండి మా ఆయన చుట్టాడు, అవి జిలేబీల్లా వచ్చాయి. కాల్చడం అత్తమ్మే కాల్చింది. నేను హాల్లోంచి లేవలేదు.