నా అనుభవం: .22 రైఫిల్‌కి సరిపడే తూటా వెతికి, 50 మీటర్లకు గురి కుదర్చడం

.22 రైఫిల్ (బ్యారెల్ లోపలి వ్యాసం, అంటే క్యాలిబర్, సుమారు 0.22 అంగుళాలు) పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ లెక్కలోకి రాదు. అందుకే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను మూసుకుపోదు. స్కోప్‌లో చూస్తుండగానే కాగితం మీద చిల్లు పడుతుంది. నన్ను ఈ ఆటకి కట్టిపడేసింది అదే. పెద్ద క్యాలిబర్‌లో గురి తప్పితే నేరం మోయడానికి తుపాకీ తన్నుడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ ఆ సాకు లేదు. మిగిలేవి మూడే: తూటా, గాలి, నా వేలు. ఆ మూడింటినీ విడదీసి చూసుకుంటూ, చేతిలో ఉన్న బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తోసే) రైఫిల్‌కి ఏ తూటా కుదురుతుందో తేల్చుకునే పద్ధతి ఇది.

ముందు తూటా గురించి కొంచెం. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం దాని తయారీలోనే ఉంది. .22 షార్ట్ అనే తూటా 1857 నాటిది, ఇక్కడ నేను వాడే లాంగ్ రైఫిల్ అనే తూటా 1887లో వచ్చింది. ఏర్పాటు ఇప్పటికీ అదే. విడిగా ప్రైమర్ (మందుకి నిప్పు రాజేసే చిన్న మూత) ఉండదు. పేలుడు రసాయనాన్ని తడిగా ఉన్నప్పుడే ఇత్తడి గొట్టం అడుగున వేసి గిరగిరా తిప్పితే అంచు మడతలోకి చేరుతుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు అంటుకుంటుంది. ఇక గుండు (తూటా నుంచి ఎగిరిపోయే సీసం ముక్క), గొట్టం ఎంత లావో అంతే లావు. మడమ భాగం మాత్రం సన్నగా ఉండి గొట్టంలోకి దిగుతుంది. అంటే సీసం చాలావరకు బయటే ఉంటుంది, దాని మీద మైనం పూత. విడి తూటాలు జేబులో వేసుకుంటే ఆ పూతకి దుమ్ము, నూగు పట్టి బ్యారెల్‌లోకి పోతాయి. డబ్బాలోంచి నేరుగా మ్యాగజైన్‌లోకి వెయ్యడమే మంచిది.

రేంజికి వెళ్లే ముందు స్క్రూలు. స్టాక్‌ని (చెక్క భాగం) యాక్షన్‌కి (బోల్ట్ ఉండే లోహపు భాగం) పట్టి ఉంచేవీ, స్కోప్ మౌంట్‌వీ టార్క్ డ్రైవర్‌తో (బిగువు కొలిచే స్క్రూడ్రైవర్) తయారీదారు చెప్పిన బిగువుకే బిగిస్తాను. గుళ్లు రెండు గుంపులుగా పడుతున్నాయంటే నా మొదటి అనుమానం తూటా మీద కాదు, వీటి మీదే. స్కోప్‌లో ప్యారలాక్స్ (కన్ను జరిగితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) కూడా చూడాలి. పెద్ద రైఫిళ్ల స్కోప్‌లకు అది మామూలుగా 100 గజాలకు కుదిర్చి ఉంటుంది, రిమ్‌ఫైర్ (.22లా అంచు నలిగి పేలే తూటా) స్కోప్‌లకు 50 గజాల ప్రాంతంలో. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి తల మాత్రం అటూ ఇటూ జరపండి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద తేలుతూ పోతుంటే, ప్రతిసారీ చెంప సరిగ్గా ఒకే చోట ఆనితే తప్ప ఆ స్కోప్‌తో చిన్న గ్రూపు (ఒకే గురితో కాల్చిన చిల్లుల గుంపు) రాదు.

చప్పుడు చిన్నదే కదా అని చెవులకు ఏమీ పెట్టుకోని వాళ్లు ఉంటారు. రైఫిల్‌లో అది 140 డెసిబెల్స్ దగ్గరకి పోతుంది. ఈ చిన్న గుండు మైలుకి పైగా ప్రయాణించగలదు, నీళ్ల మీదా రాళ్ల మీదా తగిలి దారి మళ్లుతుంది. వెనక మెత్తటి మట్టికట్ట ఉన్న చోటే ఈ పని.

తూటాలు మూడు నాలుగు రకాలు, ఒక్కోటి 50 చొప్పున తీసుకుంటాను. అన్నీ 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) గుండు, స్టాండర్డ్ వెలాసిటీ, అంటే సెకనుకు 325 మీటర్ల చుట్టుపక్కల. హై వెలాసిటీవి 380 దాకా పోతాయి. వేగం ఎక్కువైతే గాలికి తక్కువ కొట్టుకుపోవాలి కదా అనిపిస్తుంది. .22లో జరిగేది దానికి ఎదురు. ధ్వని వేగం సుమారు 340. దాన్ని దాటి బయల్దేరిన గుండు ఆ హద్దు దగ్గర వేగాన్ని గబగబా పోగొట్టుకుంటుంది. అడ్డగాలి ఎంత నెడుతుందనేది గుండు దారిలో ఎంత ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే 100 మీటర్లకు చేరేసరికి హై వెలాసిటీ గుండే ఎక్కువ పక్కకి పోతుంది. కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తోయడానికి ఆ వేగమే అడుగుతాయి, వాటి సంగతి వేరు.

తూటా రకం మార్చగానే వచ్చే మొదటి గుళ్లని లెక్కలోకి తీసుకోను. ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం. పాతది పోయి కొత్తది బ్యారెల్ అంతా పరుచుకోవడానికి 10 నుంచి 20 గుళ్లు పడతాయి. ఈ పని చెయ్యకుండా రెండు రకాలని పక్కపక్కన కాల్చి చూసేవాళ్లు పోల్చేది తూటాలని కాదు, మైనాలని. ఆ గుళ్లు పక్క కాగితానికి పంపాక 10 గుళ్ల గ్రూపులు రెండు కాలుస్తాను. 5 గుళ్ల గ్రూపు, అదృష్టం కలిసొస్తే, ఎలాంటి తూటానైనా గొప్పదిగా చూపిస్తుంది. ఫొటోకి బాగుంటుంది, అంతే. ఈ దశలో గుళ్లు చుక్క మీదే పడేలా స్కోప్ సరిచెయ్యను, రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి పడనిస్తాను. గురి చూసే చుక్క చిరిగిపోతే చివరి గుళ్లకి గురి మారిపోతుంది.

ఇక గ్రూపు చదవడం. నిలువుగా సాగితే వేగంలో తేడా: తూటాకీ తూటాకీ సెకనుకు 10 మీటర్లు మారితే 50 మీటర్ల దగ్గర 7–8 మిల్లీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది. అడ్డంగా సాగితే గాలి, లేదా వేలు ట్రిగ్గర్‌ని పక్కకి తోస్తోంది. అన్నివైపులా చెదిరితే ఆ బ్యారెల్‌కి ఆ తూటా పడలేదు. ఒక్క గుండు దూరంగా పోయినప్పుడే అసలు కష్టం. అది నాదా, తూటాదా? ట్రిగ్గర్ విడిన క్షణంలో క్రాస్‌హెయిర్ ఎక్కడుందో, టార్గెట్‌లో చిల్లు చూడకముందే చెప్పుకోవాలి. చూశాక చెప్పుకునేది సర్దిచెప్పుకోవడమే. ఈ గుండు నెమ్మదైనది, బ్యారెల్ దాటడానికి పెద్ద రైఫిల్ గుండు కన్నా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి పేలాక కూడా వేలు వెనక్కే పట్టి ఉంచి, చెంప ఎత్తకుండా చూస్తూ ఉండాలి.

10 గుళ్లు 25 మిల్లీమీటర్ల లోపు పెట్టే తూటా దొరికితే సరదా షూటింగ్‌కి చాలు. దాని లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే సంఖ్య) రాసుకోండి. అదే పేరు, అదే డబ్బా, వేరే లాట్ అయితే ఫలితం మారిపోవచ్చు. ఒలింపిక్స్ 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. ఆ స్థాయి షూటర్లు లాట్లు పరీక్షించి మరీ పెద్దమొత్తంలో కొనేది ఊరికే కాదు.

గురి నిలపడం ఇందులో తేలిక భాగం. పావు ఎమ్‌ఓఏ (ఎమ్‌ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోప్‌లో ఒక క్లిక్కు 50 మీటర్ల దగ్గర 3.6 మిల్లీమీటర్లు. గ్రూపు నడుమ భాగం 36 మిల్లీమీటర్లు కిందుంటే 10 క్లిక్కులు పైకి. టరెట్ (క్లిక్కులు తిప్పే స్కోప్ బిరడా) మీద రాసిన పావు అంగుళం లెక్క 100 గజాలది. దాన్నే 50కి వాడితే కావలసినదాంట్లో సగమే జరుగుతుంది.

తూటా పేలకపోతే తుపాకీ మట్టికట్టవైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు బోల్ట్ తెరుస్తాను. పిన్ గుర్తు లోతుగా ఉంటే ఆ చోట అంచులో రసాయనం చేరలేదన్నమాట. గుర్తు తేలిగ్గా ఉంటే ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) మడ్డి పట్టి తూటా పూర్తిగా కూర్చోకపోయి ఉండొచ్చు, లేదా స్ప్రింగ్ నీరసించింది. చప్పుడు బుస్సుమని తేలిపోతే మాత్రం రెండో తూటా వెయ్యకూడదు. గుండు బ్యారెల్‌లో ఇరుక్కుందేమో చూడాలి.

బ్యారెల్‌ని ప్రతిసారీ రుద్ది రుద్ది శుభ్రం చెయ్యను. ఛాంబర్ ముందు గట్టిపడే మసి వలయం, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) కింద చేరే మైనం, ఈ రెండే అసలు శత్రువులు. రాడ్ ఎప్పుడూ వెనక నుంచే, మూతి అంచు దెబ్బతినకుండా. శుభ్రం చేశాక మళ్లీ మైనం పరుచుకునేదాకా గ్రూపులు చెదురుతాయి, కంగారు పడొద్దు. కాల్చిన చేతులతో ఏమీ తినకుండా సబ్బుతో కడుక్కోవాలి, సీసం కదా.

50 కుదిరాక 100 మీటర్లకు వెళ్లండి. అక్కడ ఇదే గుండు 20 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది, స్కోప్‌లో 30 క్లిక్కుల దాకా పెట్టాలి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి 10 సెంటీమీటర్ల పైనే నెడుతుంది. పెద్ద రైఫిళ్లు చాలా దూరాన నేర్పే గాలి లెక్కలు ఇక్కడే నేర్చుకోవచ్చు. ఉక్కు పలకలు పెడితే నున్నగా ఉన్నవే పెట్టండి, కొంచెం ముందుకి వంచి వేలాడదీయండి. గుంటలు పడిన పలక సీసం తునకల్ని కాల్చినవాళ్ల మీదకే తిప్పికొడుతుంది.