బుడమేరు ముంచింది, సర్వేయర్ ఆరేయించాడు

కొట్టు బీమా క్లెయిమ్ డబ్బు నిన్న పడింది. నా చేతికి కాదు, పాలసీలో బ్యాంకు పేరుంది కాబట్టి నేరుగా లోన్ ఖాతాకే పోయింది. పోనీలే, వడ్డీ అయినా తగ్గుతుంది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా చీరల కొట్లో నడుంలోతు నీళ్లు. మాది చిన్న వ్యాపారాలకిచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ, వరద నష్టం అందులోనే ఉంది. ఫోన్ చేశాం, క్లెయిమ్ నంబర్ ఇచ్చారు, ఫారం నింపాం.

తర్వాత నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇంత సరుకుందని నమ్మేదెలా అమ్మా? ఒక్కోటీ విప్పండి" అన్నాడు. నడివీధిలో విప్పాను. చూస్తున్నవాళ్లంతా పెళ్లిళ్లకి నా దగ్గర చీరలు కొన్నవాళ్లే. వాళ్ల ముందు దొంగలెక్క చెప్పినదానిలా నిలబడ్డాను. గద్వాల చీర జరీ అంచు నుంచి నల్లనీళ్లు కారుతుంటే దాన్ని పెన్ను కొసతో ఎత్తి, "ఉతికితే పోతుంది, తక్కువకి అమ్ముకోవచ్చు" అని సాల్వేజ్ కింద, అంటే పాడైన సరుక్కి ఇంకా వచ్చే ధర కింద, కోత రాసుకున్నాడు. "ఆ రేటుకి అన్నీ మీరే తీసుకెళ్లండి సార్" అన్నాను. ఫోనొచ్చిందంటూ పక్కకెళ్లాడు.

బిల్లులు తడిసిపోయాయంటే వినడే! జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఒక్క రిటర్నూ ఆలస్యం చెయ్యని మనిషిని నేను. అవన్నీ, సూరత్ వ్యాపారి వాట్సాప్‌లో మళ్లీ పంపిన ఇన్‌వాయిస్‌లూ ముందు పెట్టాక నోరు మూతపడింది.

బీమా ఆఫీసులో ఇంకో పాట. "రీఇన్సూరెన్స్ వాళ్లు ఓకే అనాలి మేడమ్." రీఇన్సూరెన్స్ అంటే బీమా కంపెనీ తన రిస్కుని ఇంకో కంపెనీతో పంచుకోవడం. పాలసీలో కొంత వాటా (2024-25లో 4 శాతం) ప్రభుత్వ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ రీకి తప్పనిసరిగా వెళ్తుంది, నిజమే. మిగతాదాన్లో కూడా ఎంతో కొంత వేరేవాళ్లతో పంచుకుంటారు. కానీ అది వాళ్లలో వాళ్ల లెక్క. మన ఒప్పందం ప్రీమియం తీసుకున్న కంపెనీతోనే. బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాకే ఫైలు కదిలింది. బతిమాలడం దండగ, ముందే అక్కడ పెట్టండి.

సరుకు 10 లక్షలుంటే 6 లక్షలకే పాలసీ తీసుకునేవాళ్లు మా వీధిలో బోలెడుమంది. లక్ష నష్టపోతే చేతికొచ్చేది 60 వేలే, అందులోనూ కోతలు. ఈ పాలసీలో సరుకు విలువకీ బీమా మొత్తానికీ తేడా 15 శాతం లోపుంటే పట్టించుకోరు, అది దాటితే కోసేస్తారు. దసరా, సంక్రాంతి సరుకు దించేముందే బీమా మొత్తం పెంచమని బీమా కంపెనీకీ, బ్యాంకుకీ కాగితం రాసివ్వండి. రాసిచ్చినట్టు స్టాంపు కూడా వేయించుకోండి.