బాంబుకి తత్వశాస్త్రం చెప్పే సినిమా

నిన్న రాత్రి డార్క్ స్టార్ మళ్లీ చూశా, మూడోసారి అనుకుంటా. 1974లో వచ్చిన సినిమా, జాన్ కార్పెంటర్ తీసిన మొదటి ఫీచర్ ఫిల్మ్. కాలేజీలో స్టూడెంట్ ఫిల్మ్‌గా మొదలుపెట్టి డబ్బులు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం తీసుకుంటూ పూర్తి చేశారు, మొత్తం ఖర్చు 60 వేల డాలర్లు అటూఇటూ. అందుకే ఇందులో ఏలియన్ అంటే ఒక బీచ్ బాల్, దానికి రంగేసి కింద కాళ్లు తగిలించారు అంతే. ఆ బాల్ వెనక పరిగెత్తే డాన్ ఓబానన్ తర్వాత 1979లో వచ్చిన ఏలియన్ అనే సినిమాకి స్క్రీన్‌ప్లే రాశాడు, ఆ మనిషంటే నాకు చాలా గౌరవం.

కథ పూర్తిగా చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మనుషులు కాపురం పెట్టబోయే చోట ప్రమాదంగా ఉన్న గ్రహాల్ని పేల్చుకుంటూ 20 ఏళ్లుగా ఒక స్పేస్‌షిప్ తిరుగుతుంటుంది. బాంబులకి తెలివి ఉంటుంది, మాట్లాడతాయి కూడా. షిప్‌లో ఏదో పాడై తప్పుడు సిగ్నల్ వెళ్లి 20వ నంబర్ బాంబు ఊరికే బయటికొచ్చేస్తుంది, షిప్ కంప్యూటర్ నచ్చజెప్తే సరేనని లోపలికెళ్తుంది, ఇలా రెండుసార్లు. మూడోసారి నిజంగానే ఆర్డర్ ఇస్తారు, కానీ బాంబు షిప్ నుంచి ఊడదు, కౌంట్‌డౌన్ మాత్రం ఆగదు.

అప్పుడు షిప్‌ని నడిపిస్తున్న డూలిటిల్ ఏం చేస్తాడంటే, స్పేస్‌సూట్ వేసుకుని బయటికెళ్లి బాంబు ఎదురుగా శూన్యంలో తేలుతూ దాంతో వాదన పెట్టుకుంటాడు. నువ్వు ఉన్నావని నీకెలా తెలుసు అంటాడు. ఆలోచిస్తున్నా కాబట్టి ఉన్నా అంటుంది బాంబు. మరి మిగతావన్నీ ఉన్నాయని ఎలా తెలుసు? సెన్సర్లు చెప్తున్నాయి. ఆ సెన్సర్లు చెప్పేది నిజమని ఎలా తెలుసు? బాంబు ఆగిపోతుంది, ఆలోచించుకోవాలి అని లోపలికెళ్లిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇక్కడ ఊపిరి ఆగినట్టే ఉంటుంది.

ఈ సినిమా ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను పట్టుకోడానికి కారణం ఈ బాంబే. దానికి మనుషుల మీద పగ లేదు, లోకాన్ని ఏలాలని లేదు, ఇచ్చిన పని టైమ్‌కి చేయాలి, అంతే దాని బాధ. డూలిటిల్ దానికి అనుమానించడం నేర్పాడు, కానీ ఆ అనుమానం మనుషుల మీదకి తిరిగింది గానీ తన పని మీదకి మాత్రం తిరగలేదు. ఇవాళ చాట్‌బాట్ ఏదైనా తప్పు సమాధానం ఎంతో నమ్మకంగా, మర్యాదగా చెప్తుంటే నాకు వెంటనే ఈ బాంబే గుర్తొస్తుంది, దానికి అందిన డేటానే దాని ప్రపంచం మొత్తం.

తర్వాత షిప్‌లో ఉన్న ఇంకో మనిషి పిన్‌బ్యాక్ కొత్త ఆర్డర్ ఇవ్వబోతే, నువ్వు తప్పుడు డేటావి, నిన్ను పట్టించుకోను అంటుంది బాంబు. ఉన్నది నేనొక్కదాన్నే అని తేల్చేసుకుంటుంది. వెలుగు రావాలి అంటుంది, పేలిపోతుంది. అంతసేపూ దాని గొంతులో కోపం ఉండదు.