పేస్ కార్ పేరున్న కార్వెట్ కన్వర్టిబుల్‌ను కొన్న తీరు: నా అనుభవం

అమెరికాలో నేనుండే ఒహాయోకు పక్క రాష్ట్రమైన ఇండియానాలో ఒక పెద్దాయన తన 1986 నాటి షెవర్లే కార్వెట్ కన్వర్టిబుల్‌ను అమ్మకానికి పెట్టారు. పసుపు రంగు, ఆటోమేటిక్ గేరు, చేత్తో మడిచే గుడ్డ పైకప్పు. పరిమిత సంఖ్యలో తయారైన ఇండియానాపొలిస్ 500 అనే కార్ల పందెపు పేస్ కార్ అని ప్రకటనలో ప్రత్యేకంగా రాసి, ఆ పేరు మీదే మామూలు ధరకంటే బాగా ఎక్కువ అడిగారు. నాకు అలాంటి కారు కొనాలని చాలా కాలంగా కోరిక ఉంది కాబట్టి, ఆ పేరుకు ఎంత విలువ కట్టాలన్నది ముందుగా తేల్చుకోవలసి వచ్చింది.

పందెం మొదలయ్యే ముందు పోటీ కార్లన్నింటికీ ముందు నడిచి వాటిని ఒక వేగానికి తెచ్చేది పేస్ కారు. 1986లో ఆ పని చేసింది పసుపు రంగు కార్వెట్ కన్వర్టిబుల్; దాన్ని నడిపినవారు 1947లో ధ్వనివేగాన్ని దాటిన పైలట్ చక్ యేగర్. 1975 తర్వాత ఆగిపోయిన కార్వెట్ కన్వర్టిబుల్ మళ్లీ వచ్చిన సంవత్సరం కూడా అదే. ఆ సందర్భాన్ని వాడుకుంటూ కంపెనీ ఒక తెలివైన పని చేసింది: ఏ రంగుదైనా సరే, ఆ ఏడాది తయారైన ప్రతి కన్వర్టిబుల్‌నూ పేస్ కారు ప్రతిరూపంగా ప్రకటించింది. అలా తయారైనవి 7,315. ఆ ఏడాది మొత్తం కార్వెట్లు 35,109 కాబట్టి, ఇంచుమించు ప్రతి ఐదింటిలో ఒకటి ఈ ‘పరిమిత’ జాబితాలోకి వస్తుంది. తలుపుల మీద అతికించే అక్షరాల స్టిక్కర్లను కారుతోపాటు ఇచ్చేవారు. అతికించుకోవడం, మానడం కొన్నవారి ఇష్టం. అంటే ఎర్ర కారుకైనా నల్ల కారుకైనా ఈ బిరుదు సమానంగానే వర్తిస్తుంది. పసుపు రంగు చూసి, పందెంలో ముందు నడిచిన కారు ఇదేనేమో అనుకునేవారూ ఉంటారు గాని, ఆ ఊహకు డబ్బు చెల్లించడం నాకు సమ్మతం కాలేదు. ఈ లెక్కనే పెద్దాయనకు మర్యాదగా వివరించాను. ఆయన కాదనలేదు, అలాగని వెంటనే ధరా తగ్గించలేదు.

కారు చూడకముందే విన్ నంబరు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఫొటో తెప్పించుకున్నాను. ఈ మోడల్‌లో పదిహేడు అక్షరాల ఆ నంబరే చాలా సంగతులు చెబుతుంది. ఆరు, ఏడు స్థానాల్లో 67 ఉంటే కన్వర్టిబుల్‌గానే పుట్టిన కారు. పదో స్థానంలోని జి అక్షరం 1986ను, పదకొండో స్థానంలోని 5 కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీని సూచిస్తాయి. చివరి ఆరు అంకెలు కన్వర్టిబుల్స్‌కు 9తో మొదలవుతాయి. ఇవన్నీ సరిపోయాయి. ఫ్యాక్టరీలో కారు లోపల అతికించిన ఆప్షన్ల కాగితం కూడా చెక్కుచెదరకుండా ఉండటం, అందులోని రంగు కోడ్ బయటి రంగుతో కలవడం నాకు స్టిక్కర్లకంటే ఎక్కువ నమ్మకం కలిగించాయి.

ఆ తర్వాత, అమ్మేవారితో సంబంధం లేని ఒక మెకానిక్‌ను మాట్లాడుకుని కారును లిఫ్ట్ మీదకు ఎక్కించాము. ఫైబర్ బాడీకి తుప్పు పట్టదు కాబట్టి పైమెరుగు చూసి మురిసిపోకూడదు. దాని కింద ఉన్నది ఉక్కు చట్రమే. పైకప్పు లేని లోటును తీర్చడానికి అడుగున ఎక్స్ ఆకారంలో బిగించిన బలపు కడ్డీలు వంగాయా, ఎక్కడైనా వెల్డింగ్ జరిగిందా, ముందు అద్దం చట్రంలో తుప్పు ఉందా అన్నవే అసలు పరీక్షలు. చట్రం బాగానే ఉంది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండిపోయి నీళ్లు లోపలికి కారుతున్నాయి. డిజిటల్ డాష్‌బోర్డులో కొన్ని అంకెలు వెలిసిపోయాయి. తాళంచెవిలో పొదిగిన చిన్న రెసిస్టర్ (విద్యుత్తును నిరోధించే భాగం) విలువ సరిపోతే తప్ప ఈ కారు స్టార్ట్ కాదు కనుక, రెండో తాళంచెవి కూడా ఉందో లేదో అడిగి, దానితోనూ నడిపించి చూశాను. మరమ్మతుల అంచనా కాగితం ముందుంచాక ధర నాకు అందుబాటులోకి దిగివచ్చింది.

ఇంత పాత కార్లకు అమ్మకం సమయంలో ఓడోమీటరు అంకెను ధ్రువీకరించనక్కర్లేదని ఫెడరల్ నిబంధన మినహాయింపు ఇస్తుంది. కాబట్టి తక్కువ మైళ్లు తిరిగిందన్న మాటను పాత సర్వీసు రసీదుల వరుసతోనే సరిచూసుకున్నాను. అసలు ఆలస్యం టైటిల్ (కారు యాజమాన్య పత్రం) దగ్గర జరిగింది. ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు అప్పు ఆ పత్రం మీద ఇంకా కనిపిస్తోంది. అప్పు తీరినట్లు బ్యాంకు నుంచి విడుదల లేఖ వచ్చేదాకా డబ్బు ఇవ్వనని చెప్పాను. పెద్దాయన కొంచెం నొచ్చుకున్నా తెప్పించారు. నా బ్యాంకు శాఖలోనే ఇద్దరం కూర్చుని, ఆయన కళ్లముందే క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే హామీగా ఇచ్చే చెక్కు) తీయించి, సంతకాలు పూర్తి చేశాము.

వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కారుకు ఒహాయోలో ముందు విన్ తనిఖీ చేయించాలి. ఆ కాగితంతో కౌంటీ క్లర్క్ కార్యాలయం టైటిల్ విభాగంలో అమ్మకపు పన్ను కట్టి కొత్త టైటిల్ తీసుకోవాలి. నంబరు ప్లేట్లు ఇచ్చేది మరో కార్యాలయం. పాతికేళ్లు దాటిన కార్లకు ఇచ్చే హిస్టారికల్ ప్లేటు చవక. అయితే అది ప్రదర్శనలు, ఊరేగింపులు, క్లబ్బు కార్యక్రమాల వంటి వాటికే పరిమితం. వారాంతాల్లో గుడికీ స్నేహితుల ఇళ్లకూ తీసుకెళ్లాలనుకునే నాలాంటివారికి పనికిరాదు కనుక మామూలు ప్లేటే తీసుకున్నాను. బీమాను మాత్రం పాత కార్లకు ప్రత్యేకించిన పద్ధతిలో, ముందే ఒప్పుకున్న విలువ మీద చేయించాను. ఆ విలువ నిర్ణయించడానికి వారు అడిగినవి ఫొటోలు, రసీదులు, మెకానిక్ నివేదిక. పేస్ కారు స్టిక్కర్ల ప్రస్తావన ఎవరూ తేలేదు.