తల కదలని క్షణం

పొద్దున్నే నీటి ఒడ్డుకు చేరేసరికి నలుపు తెలుపు లకుముకి అప్పటికే వేటలో ఉంది. ఈ జాతి లకుముకికి ఒక ప్రత్యేకత ఉంది. కొమ్మ మీద కూర్చుని కాచుకోవడమే కాక, నీటి పైన గాలిలో ఒకేచోట నిలిచి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ కిందికి చూస్తుంది. చేప కనిపిస్తే నిట్టనిలువునా దూకుతుంది. ఎగిరే పిట్టకు షట్టర్ స్పీడ్, అంటే కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 1/2000 వంతు ఉండాలని, వేగం అంతకంటే తగ్గకూడదని అంటారు. నేనూ మామూలుగా అంతే పెడతాను. ఇవాళ మాత్రం కావాలనే 1/500కు తగ్గించి తీశాను. రెక్కలు పొగలా చెదిరిపోయి వచ్చాయి, తోక కూడా చెదిరింది. తల మాత్రం చెక్కినట్టు ఉంది. కన్ను, కంటిలో మెరిసే చిన్న వెలుగుచుక్క, ముక్కు అంచు అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

దీని వెనక కారణం తెలిశాక నేను ఫొటో తీసే పద్ధతే మారింది. మనం కళ్లు తిప్పి చూస్తాం. చాలా పక్షులకు కనుగుడ్లు అంతగా కదలవు, గుడ్లగూబకైతే దాదాపు కదలవనే చెప్పాలి. చూపు మార్చాలంటే తలే తిప్పాలి. చూపు చెదరకుండా ఉండాలంటే తలనే కదలకుండా పట్టుకోవాలి. ఒళ్లంతా ఊగుతున్నా లకుముకి తల గాలిలో మేకు కొట్టినట్టు నిలిచేది అందుకే. నీటి కింద కదిలే చేప దానికి స్పష్టంగా కనిపించాలి. అంటే షార్ప్‌గా ఉండాలన్న ఆరాటం నాకంటే ముందు ఆ పిట్టకు ఉంది, అదీ ఆకలితో ముడిపడిన ఆరాటం. నేను చేయాల్సిందల్లా అది తల నిలిపే క్షణానికి సిద్ధంగా ఉండటం.

పావురం నడకలోనూ ఇదే ఉంది. నడుస్తూ తల ముందుకీ వెనక్కీ ఊపుతున్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి తల వెనక్కి రాదు. ముందుకు చాచి అక్కడే ఆపుతుంది, ఒళ్లు వచ్చి దాన్ని అందుకుంటుంది, మళ్లీ చాస్తుంది. 1978లో ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త పావురాలను ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశాడు. చుట్టూ ఉన్న దృశ్యం కదలకపోయేసరికి అవి తల ఊపడం మానేశాయి. ఆ ఊపు కాళ్లకు సంబంధించింది కాదు, చూపుకు సంబంధించిందని అలా తేలింది. లోతు తక్కువ నీటిలో నడిచే తెల్లకొంగ కూడా ఇంతే. ఇవాళ లకుముకి వెళ్లిపోయాక ఒక కొంగ వెంటే ఉండి, మెడ చాచి తల ఆపిన ప్రతిసారీ నొక్కాను. అది అడుగు వేసే లయ ఒకసారి వేలికి అలవాటైతే టెన్షన్ ఉండదు.

కెమెరా గురించి కూడా ఒక మాట. పక్షి కన్నును తనంతట తానే వెతికి పట్టుకునే ఫోకస్ 2020, 2021 ప్రాంతంలో వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాలతో బాగా వ్యాపించింది. కానన్ ఆర్5, సోనీ ఆల్ఫా 1 ఆ కాలానివే. అది అద్భుతమైన సాయం, అందులో సందేహం లేదు. కానీ కన్ను ఎక్కడుందో అది చెబుతుంది, పిట్ట ఎప్పుడు ఆగుతుందో చెప్పదు. ముందు నుంచి వెనక్కి ఎంత మందం స్పష్టంగా వస్తుందన్న సంగతి కూడా మనమే చూసుకోవాలి. 400 ఎంఎం లెన్స్‌తో ఐదు మీటర్ల దూరంలో ఉన్న పిట్టను ఎఫ్/5.6 దగ్గర (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె ఇది, పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) తీస్తే, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ కెమెరాలో స్పష్టంగా వచ్చే మందం సుమారు ఐదు సెంటీమీటర్లు. లకుముకి ముక్కు నేరుగా మనవైపు పెట్టిందంటే కన్ను, ముక్కు కొస రెండూ దొరకవు. నేనెప్పుడూ కన్నునే ఎంచుకుంటాను. ముక్కు మసకబారినా మనసు ఒప్పుకుంటుంది, కన్ను మసకబారితే ఆ ఫొటోలో ప్రాణం ఉండదు. అందుకే తల కాస్త పక్కకు తిప్పేదాకా ఆగుతాను. అప్పుడు రెండూ కెమెరాకు దాదాపు ఒకే దూరంలోకి వస్తాయి.

వెలుగు తక్కువైతే ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, పెంచడానికి వెనుకాడను. దాంతో ఫొటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన కన్నును ఏదీ నిజంగా వెనక్కి తేలేదు.

తొమ్మిది దాటాక జెముడుకాకి ఒకటి నోట గడ్డిపోచలు పట్టుకుని పొదలోకి వెళ్లింది. మళ్లీ వచ్చి మళ్లీ వెళ్లింది. గూడు కడుతోంది. ఎర్రటి కన్ను, రాగిరంగు రెక్కలు, ఎండ సరిగ్గా మీద పడుతోంది. అయినా లెన్స్ అటు తిప్పలేదు, దారి మార్చుకున్నాను. గూడు దగ్గర ఫొటో తీయకూడదన్నది నాకు గట్టి నియమం. మనిషి అలికిడికి తల్లి గూడు వదిలేయవచ్చు, మనం చూసినచోటే కాకులూ చూస్తాయి. 1937లో ఎరిక్ హాస్కింగ్ అనే బ్రిటిష్ పక్షి ఫొటోగ్రాఫర్ గూడు దగ్గరి తన మాటుకు ఎక్కుతుంటే గుడ్లగూబ దాడి చేసింది. ఎడమ కన్ను పోయింది. ఆ తర్వాత కూడా ఆయన దశాబ్దాలపాటు పక్షులను తీశాడు. ఆయన పట్టుదలను తలచుకుంటే గౌరవం కలుగుతుంది. పిల్లల కోసం ఒక పక్షి ఎంతకు తెగిస్తుందో కూడా గుర్తుకొస్తుంది.

ఎండ ముదిరాక దూరపు పక్షులను తీయడం ఆపేశాను. నేల వేడెక్కితే దాని మీది గాలి పొరలు పొరలుగా మరుగుతుంది. ఒక్కో పొరా కాంతిని ఒక్కోవైపు వంచుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా, ట్రైపాడ్ ఎంత గట్టిదైనా ఆ గాలి గుండానే చూడాలి కదా. ఫోకస్ సరిగ్గానే ఉంటుంది, ఈకలు మాత్రం నీళ్లలో చూసినట్టు అలుక్కుపోతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది లెన్స్ పాడైందేమోనని కంగారుపడేది ఇక్కడే. దగ్గరున్న వాటిని తీసుకోవడమే దీనికి మందు.

మధ్యాహ్నం దగ్గరగా దొరికేవి తూనీగలు. పక్షుల తర్వాత నాకు అంతగా నచ్చే సబ్జెక్ట్ ఇంకోటి లేదు. ఎండిన పుల్ల చివర ఒకటి తోక నిటారుగా ఆకాశంలోకి లేపి కూర్చుంది. ఎండ తక్కువ తగలడానికి అవి అలా నిలబడతాయి. నేను కదిలితే ఎగిరిపోయింది, కాసేపటికి తిరిగి అదే పుల్ల మీదికి వచ్చింది. ఈ అలవాటు తెలిస్తే వెంటపడక్కర్లేదు, పుల్ల మీద ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే చాలు. రెక్కలన్నీ స్పష్టంగా రావాలంటే లెన్స్ వాటికి సరిగ్గా ఎదురుగా, కెమెరా వెనకభాగం వాటికి సమాంతరంగా ఉండాలి. ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెట్టాలి. తూనీగ ఒక్కో కంటిలో దాదాపు 30,000 దాకా చిన్న చిన్న కటకాలు ఉండవచ్చు. చిన్న పురుగేదైనా పైన ఎగిరితే కూర్చున్నచోటే తల చటుక్కున అటు తిప్పుతుంది. ఆ తిప్పిన క్షణంలో ఒక ఫ్రేమ్ దొరికింది. చాలా సంతోషం వేసింది.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఏరాను. ఏరడం కూడా ఫొటో తీయడంలో భాగమే అనుకుంటాను. కొన్నింటిలో ఫోకస్ బాగానే ఉన్నా కన్ను పాలిపోయి, తెల్లటి పొర కప్పినట్టు ఉంది. పక్షులకు ఉండే మూడో రెప్ప అది, పక్కనుంచి వచ్చి ఒక్క లిప్తలో కంటిని తుడిచి వెళ్తుంది. మనకు కనిపించదు, కెమెరాకు దొరుకుతుంది. అవి తీసేశాను. షార్ప్‌నెస్ స్లైడర్‌ను పెద్దగా జరపను. ఎక్కువైతే ఈక అంచుల చుట్టూ తెల్లటి గీత లేచి, పిట్టను కత్తిరించి అతికించినట్టు అవుతుంది.

చివరికి కొంగ ఫొటోలు రెండు మిగిలాయి. రెండింటిలో ఎక్కువ షార్ప్‌గా వచ్చింది మొదటిదే, ఫ్రేమ్ నిండా ఉంది. అందులో కొంగ మెడ సాగదీసి, ఈకలు ఒంటికి బిగించుకుని నేరుగా నావైపు చూస్తోంది. ఒడ్డున నా పక్కనుంచి ఒక కుక్క పరుగెత్తిన క్షణం అది. అంత స్పష్టంగా వచ్చిన ఫొటోలో బెదురు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది వెనక్కి జరిగి కూర్చున్నాక తీసింది. కొంగ చిన్నగా ఉంది, క్రాప్ చేయాల్సి వచ్చింది, ఈకల్లో అంత వివరం లేదు. మెడ వంచి నీళ్లలోకి చూస్తూ తన వేటలో తాను ఉంది. నేను దాచుకున్నది ఆ రెండోదే.