హెడ్‌లైట్ల పని, నాలుగో విడత: ఇరవై నిమిషాలకే నీరసించే కుడి దీపం

నిన్న రాత్రి మదనపల్లెలో బయలుదేరి, పీలేరు దాటి, భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి చేరేవరకు పికప్ రెండు హెడ్‌లైట్లూ ఒకే వెలుగుతో వెలిగాయి. చదివేవారికి ఇది పెద్ద విషయంగా తోచకపోవచ్చు. నాకు మాత్రం అయిదు ఆదివారాలు పట్టింది. మూడో విడతలో "పని పూర్తయింది" అని రాసిన మాటను ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు పూర్తయినది ఎడమ దీపం పని మాత్రమే.

గత విడతలు చదవనివారి కోసం రెండు మాటలు. మొదట్లో ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు ఉంటే బల్బుల దగ్గరికి 12.1 మాత్రమే చేరుతున్నాయి. నా బండివి హెచ్4 బల్బులు, అంటే ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉండే రకం. వీటి వెలుగును కొలిచేది 13.2 వోల్టుల దగ్గర. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా కాక, దాదాపు దాని 3.4వ ఘాతంతో తగ్గుతుంది కనుక, ఆ 1.1 వోల్టుల లోటుకే నాలుగో వంతు వెలుగు పోతోంది. అందుకే ఎక్కువ వాట్ల బల్బుల జోలికి వెళ్లకుండా, 60/55 వాట్ల మామూలు ఓస్రామ్ బల్బులే ఉంచి, రెండు హెల్లా రిలేలతో (చిన్న కరెంటుతో పనిచేసి పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాను. ఎడమ దీపానికి ఇప్పుడు 13.6 వోల్టులు అందుతున్నాయి. దాని గురించి ఇక చెప్పవలసింది లేదు.

కుడి దీపం సంగతి వేరు. బండి తీసిన వెంటనే అది ఎడమ దానితో సమానంగానే వెలిగేది. పదిహేను, ఇరవై నిమిషాలు గడిచాక, ఎవరో మెల్లగా వత్తి తగ్గించినట్టు పసుపు రంగుకు తిరిగేది. ఇంటికి చేరి, బానెట్ ఎత్తి, ఇంజను చల్లబడ్డాక మీటరు పెడితే అంతా సవ్యంగానే కనబడేది. ఈ రకం దోషాన్ని మించిన తలనొప్పి మరొకటి లేదు.

మొదటి ఆదివారం బల్బును అనుమానించాను. ఎడమ బల్బును కుడికి, కుడి బల్బును ఎడమకు మార్చాను. దోషం బల్బుతో పాటు కదలలేదు, కుడివైపే ఉండిపోయింది. రెండో ఆదివారం రిలే మీద పడ్డాను. రెండు దీపాల 'లో బీమ్'‌కూ (దగ్గరి రోడ్డు మీద పడే వెలుగు) ఒకే రిలే కరెంటు ఇస్తున్నప్పుడు ఒక్క దీపమే ఎలా తగ్గుతుందని ముందే ఆలోచించి ఉండవలసింది. ఆలోచించకుండా కొత్త రిలే కొన్నాను. అది ఇప్పుడు డ్యాష్‌బోర్డు పెట్టెలో అదనపు సామానుగా పడి ఉంది. మూడో ఆదివారం కుడి హోల్డరు మార్చాను. పాత దానికి అంచు కొంచెం గోధుమరంగుకు తిరిగి ఉండటంతో దొంగ దొరికాడనుకున్నాను. దొరకలేదు. మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, "ఇవన్నీ ఎందుకన్నా, రెండు ఎల్‌ఈడీలు వేసేద్దాం, తెల్లగా కొడతాయి" అన్నాడు. ఆ ముచ్చట రెండో విడతలోనే తీర్చుకున్నాను. ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు గీత (కాంతి పై అంచు) చెదిరి, ఎదుటి లారీలవాళ్లు వరుసగా డిప్పర్ కొట్టారు. గోడ మీద ప్రకాశవంతంగా కనిపించినంత మాత్రాన రోడ్డు మీద దూరం కనబడదు. నీలి పూత బల్బుల మీద కూడా నాకు మంచి అభిప్రాయం లేదు. పూత అంటేనే కొంత వెలుగును ఆపే వడపోత. డబ్బిచ్చి వెలుగు తగ్గించుకోవడం నాకు అర్థం కాదు.

నాలుగో ఆదివారం అసలు తప్పు చేశాను. దాన్ని వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంకెవరైనా ఇదే చేస్తారని నా నమ్మకం. దీపం వేడెక్కి తగ్గేవరకు ఇంజను నడిపించి, అదే స్థితిలో కొలవాలని నిర్ణయించుకున్నాను. అంతవరకు సరైన ఆలోచనే. కొలత కచ్చితంగా ఉండాలని మీటరు నల్ల తీగకు రెండు మీటర్ల పొడుగు తీగ కలిపి బ్యాటరీ నెగెటివ్‌కు క్లిప్పు పెట్టాను. ఎర్ర ముల్లును కుడి హోల్డరు వెనక నుంచి లో బీమ్ పిన్నుకు తగిలించాను. 13.5 వోల్టులు చూపించింది. దీపం పసుపుగా కునుకుతూనే ఉంది, మీటరు 13.5 అంటూనే ఉంది. మీటరును తిట్టుకున్నాను. పాపం దాని తప్పేమీ లేదు. నేను కొలిచింది బల్బుకు వస్తున్న కరెంటు దారిని మాత్రమే. బల్బు నుంచి తిరిగి వెళ్లే దారిని నా రెండు మీటర్ల తీగ కొలతలోంచి తప్పించేసింది.

ఎర్త్‌ను, అంటే కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని, అంతకుముందు పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. కుడి హోల్డరు ఎర్త్ తీగను రేడియేటర్ ముందున్న అడ్డ ప్యానెల్‌కు బిగించాను. పెయింటు గీకి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, లగ్గు (తీగ కొసకు నొక్కే లోహపు కొన) పెట్టి, పైన వాజిలిన్ రాశాను. ఎర్త్ పిన్నుకూ ప్యానెల్‌కూ మధ్య 0.02 వోల్టులు మాత్రమే ఉన్నాయి. అంతకన్నా మంచి జాయింటు ఉండదు. కాబట్టి ఎర్త్‌ను అనుమానితుల జాబితా నుంచి కొట్టేశాను. ఆ ప్యానెల్‌కే ఎర్త్ ఉందా అని నాకు తట్టలేదు.

దారి చూపించింది ఒక వింత కొలత. విసుగుతో హోల్డరులోని మిగతా పిన్నుల మీద కూడా ముల్లు పెట్టి చూశాను. లో బీమ్ ఒక్కటే వేసి ఉన్నప్పుడు హై బీమ్ పిన్ను మీద ఏమీ ఉండకూడదు. 1.0 వోల్టు ఉంది. హై బీమ్ రిలే కరెంటు కలపకుండా తెరుచుకునే ఉంది కనుక ఆ వోల్టు బ్యాటరీ నుంచి వచ్చే వీలు లేదు. మరి ఎక్కడి నుంచి? ఎడమ దీపం కప్లరును, అంటే తీగల ప్లగ్గును, పీకేసి చూశాను. ఎడమది ఆరిపోవడంలో వింత లేదు. కానీ దానితో ఏ సంబంధమూ లేదనుకున్న కుడి దీపం ఇంకా మసకబారింది.

అక్కడ బానెట్ కింద తల పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ పిన్ను ఒకటే. ఆ పిన్ను నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు దారి ఇరుకైతే, లో ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటులో కొంత భాగం వెనక్కి తిరిగి, అదే బల్బులోని హై ఫిలమెంటు గుండా హై బీమ్ తీగలోకి వెళ్లి, అక్కడి నుంచి ఎడమ దీపం హై ఫిలమెంటు దాటి, ఎడమవైపు మంచి ఎర్త్‌కు చేరుతోంది. కాలువకు గండి పడితే నీళ్లు పక్క పొలం గుండా పోయినట్టు. ఎడమ కప్లరు పీకగానే ఆ దొంగదారి మూసుకుపోయి, కుడి దీపానికి ఉన్న కాస్త ఊతం కూడా పోయింది. పాత వైరింగులో అయితే ఇలాంటప్పుడు డ్యాష్‌బోర్డులోని హై బీమ్ నీలి దీపం మిణుకుమని దోషాన్ని పట్టించేది. రిలేలు పెట్టాక నీలి దీపం స్విచ్చు వైపు, బల్బులు రిలేల అవతలి వైపు ఉండిపోయాయి. నా మెరుగుదలే సాక్షిని తప్పించింది.

ఇప్పుడు నల్ల ముల్లును బ్యాటరీ నుంచి తీసి, బల్బు ఎర్త్ పిన్నుకే పెట్టాను. వేడెక్కిన స్థితిలో కొలతలు ఇవి: లో బీమ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 11.4 వోల్టులు. ఎర్త్ పిన్నుకూ ప్యానెల్‌కూ మధ్య మళ్లీ అదే 0.02. ప్యానెల్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 2.1 వోల్టులు. ఎడమ కప్లరు పీకితే బల్బు మీద 10.6, ప్యానెల్ దగ్గర 2.9. చల్లగా ఉన్నప్పుడు ప్యానెల్ దగ్గర 0.15 మాత్రమే. లెక్క వేస్తే వేడెక్కాక ఆ దారిలో అర ఓముకు పైగా నిరోధం ఉంది. 11.4 వోల్టుల దగ్గర కుడి బల్బు ఇచ్చే వెలుగు 13.6 దగ్గరి ఎడమ బల్బులో సగానికి కాస్త ఎక్కువ. కంటికి కనిపించిన తేడా కూడా సరిగ్గా అంతే.

ప్యానెల్ నుంచి కరెంటు ఏ దారిన పోతోందో కనిపెట్టిన ఘనత నాది కాదు. టార్చి పట్టుకోవడానికి నిలబడిన మా అన్నయ్య కొడుకు బానెట్ తాళం మీద చెయ్యి ఆన్చి, "చిన్నాన్నా, ఈ కేబులు ఎందుకింత వేడిగా ఉంది?" అన్నాడు. బానెట్ తెరిచే కేబులు ఇనుప తొడుగు, ఇంజనుకు దూరంగా, గాలి తగిలే చోట, చేతికి వెచ్చగా తగిలింది. ఆ కేబులును ప్యానెల్‌కు పట్టి ఉంచే క్లిప్పును విప్పి పక్కకు లాగాను. కుడి దీపం దాదాపు ఆరిపోయింది. తిరిగి ఆన్చితే వెలిగింది. ఇన్నాళ్లూ నా కుడి హెడ్‌లైటు బానెట్ కేబులు మీద వెలుగుతోందన్నమాట!

కారణం ఇలా జరిగి ఉంటుందని నా ఊహ. ఈ బండిని నాకు అమ్మినవారి చేతిలో ముందువైపు దెబ్బ తగిలి, ఎక్కడో ఒక షెడ్డులో ఆ ప్యానెల్‌ను మార్చారు. కొత్త ప్యానెల్‌కు దళసరిగా పెయింటు వేసి, రబ్బరు బుష్షుల మీద కూర్చోబెట్టి, ఛాసిస్‌కు ఉండవలసిన ఎర్త్ పట్టీని తిరిగి బిగించలేదు. పట్టీ ఉండవలసిన చోట బోల్టు రంధ్రం పెయింటుతో పూడిపోయి ఉంది. వేడికి నిరోధం ఎందుకు పెరిగిందన్నది మాత్రం కచ్చితంగా చెప్పలేను. ఆ దారిలో ఆరేడు వాట్లు వేడిగా మారుతున్నాయి, దానికి రేడియేటర్ వేడి తోడై క్లిప్పు పట్టు సడలుతోందని అనుకుంటున్నాను.

మరమ్మతు అరగంట పని. కుడి హోల్డరు ఎర్త్ నుంచి 1.6 మీటర్ల నల్ల తీగను నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు లాగాను, ప్యానెల్‌కూ ఛాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ బిగించాను. ఇప్పుడు నలభై నిమిషాల తర్వాత కూడా పిన్నుల మధ్య 13.4 ఉంది.

లగ్గుల గురించి ఒక్క మాట. రంగురంగుల ప్లాస్టిక్ తొడుగు లగ్గులు నాకు నచ్చవు, లోపల నొక్కు సరిగ్గా పడిందో లేదో కనబడదు. తొడుగు లేని రాగి లగ్గును నొక్కి, పైన హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయడమే మేలు. టంకం పెట్టేవారితో వాదించను గానీ, టంకం ఆగిన చోట తీగ గట్టిపడి, బండి కుదుపులకు అక్కడే తెగడం నేను రెండుసార్లు చూశాను.

పూర్తి వోల్టేజీకి ఒక మూల్యం ఉంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ అయిదు శాతం పెరిగితే ఆయువు దాదాపు సగమవుతుంది. ఎడమ బల్బు 13.6 దగ్గర నడుస్తోంది కనుక, 13.2 దగ్గర రావలసిన ఆయువులో మూడో వంతు పోయినట్టే. మామూలు బల్బులే కాబట్టి నాకు బాధ లేదు. ఎక్కువ వెలుగు ఇస్తాయని అమ్మే "ప్లస్ వంద శాతం" రకాలు మొదటే తక్కువ ఆయువుతో వస్తాయి, వాటిని ఈ వైరింగులో పెట్టదలచుకోలేదు. సీటు కింద ఒక జత మామూలువి ఉంచాను.

ఇక మిగిలినది గురి. ఖాళీ బండిని గోడకు పది మీటర్ల దూరంలో నిలిపి, వెలుగు గీత దీపం ఎత్తు కన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉండేలా సరిచేశాను. కానీ పికప్ ఖాళీగా తిరిగేది తక్కువ. టమాటా క్రేట్లు నింపాక వెనక కమాన్ కట్టలు ఆరు సెంటీమీటర్లు దిగాయి, ముందువైపు దాదాపు కదలలేదు. చక్రాల మధ్య దూరం సుమారు మూడు మీటర్లు కనుక అది రెండు శాతం వాలు, అంటే పది మీటర్ల దగ్గర గీత ఇరవై సెంటీమీటర్లు పైకి లేస్తుంది. కిందికి పది ఉండవలసింది పైకి పది అయి కూర్చుంటోంది. నిన్న ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు ఎదుటి బస్సు రెండుసార్లు డిప్పర్ కొట్టింది. ఈసారి తప్పు ఎల్‌ఈడీలది కాదు, నాదే. లోడును బట్టి దీపాలను లోపలి నుంచి దించే మీట నా బండికి లేదు. పాత సామాన్ల దుకాణంలో కారు హెడ్‌లైటు లెవలింగ్ మోటారు ఒకటి చూసి వచ్చాను. దాని కడ్డీ పొడవు నా రిఫ్లెక్టరు వెనకనున్న బంతి జాయింటుకు సరిపోతుందో లేదో వచ్చే ఆదివారం కొలుస్తాను. సరిపోకపోతే, లోడుకు ఎన్ని చుట్లు, ఖాళీకి ఎన్ని చుట్లు అని గురి స్క్రూ పక్కనే తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి, స్క్రూడ్రైవరును తలుపు జేబులో ఉంచుతాను.