చిరుత ఫొటో వెనకున్న మనుషులు

అడవుల్ని కాపాడే సంస్థ అనగానే అందరికీ చిరుత ఫొటోలే గుర్తొస్తాయి. ఆ ఫొటో కోసం ఫీల్డ్ స్టాఫ్ పడే పాట్లు చూశాక వాళ్లంటే గౌరవం రెట్టింపయింది.

జంతువు ముందుకి రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు బాటకి అటొకటి, ఇటొకటి కట్టాలి. చిరుత ఒంటిమీది మచ్చలు కుడిపక్క ఒకలా, ఎడమపక్క ఇంకోలా ఉంటాయి మరి. ఒక పక్కే దొరికితే అది ఏ చిరుతో తేల్చడం కష్టం. కెమెరా కట్టే ఎత్తు మోకాలి దాకా, అంటే సుమారు 40-50 సెంటీమీటర్లు. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోని పాడుచేస్తుంది, అందుకే కాస్త పక్కకి జరుపుతారు. ముందున్న గడ్డి కోయకపోతే మాత్రం గొడవే. ఎండకి వేడెక్కిన ఆకులు గాలికి ఊగితే చాలు, సెన్సర్ జంతువే అనుకుంటుంది. కార్డు నిండా గడ్డి ఫొటోలే, బ్యాటరీలు ఖాళీ. తేదీ, టైము తప్పుగా సెట్ అయితే రెండు పక్కల ఫొటోలూ జత కలపలేక డేటా చూసేవాళ్లు తల పట్టుకోవాల్సిందే.

అకౌంట్స్ వాళ్ల కష్టమైతే ఎవరికీ కనపడదు. కెమెరాలకని వచ్చిన గ్రాంటుతో జీపు టైరు మార్చకూడదు. జీపు కదలకపోతే కెమెరాలు అడవికి చేరవు! విరాళం ఇచ్చేవాళ్లు కొంతైనా "జీతాలకీ, డీజిలుకీ వాడుకోండి" అని రాసిస్తే అకౌంట్స్ వాళ్లకి ఎంత ఊరటో.